మూరెడు సీటు కారు

12 మార్చి 1965, శుక్రవారం

ఇవాళ నా మెకానిక్కు షెడ్డులోకి ఒక కారు వచ్చింది. నలుగురు చేతులతో ఎత్తి దింపారు. అంత చిన్నది. ఎత్తు నా తొడ దాకా. అట్లని బొమ్మ కాదు. సీటు వెనక నిజమైన ఇంజను ఉంది, పెట్రోలుతో నడిచేది, ఒకటే సిలిండరు. స్టీరింగు ఉంది, హారను ఉంది, కాలితో తొక్కే బ్రేకు ఉంది. అన్నీ పిల్లల సైజు.

తెచ్చినాయన ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఎర్రిస్వామి. ముప్పై అయిదేళ్ళ కిందట గనుల్లో ఉండిన ఒక దొర తన కొడుకు కోసం ఓడలో తెప్పించుకున్నాడట. ఇట్లాంటిది జిల్లాలో ఇంకోటి లేదట. జిల్లాలో ఏమిటి, మద్రాసులో పనిచేసిన ఆరేళ్ళలో కూడా నేను చూడలేదు. మే తొమ్మిదిన ఆయన మనవడు ఈరన్నకు అయిదేళ్ళు నిండుతాయి. ఆ రోజు గుడి నుంచి ఇంటిదాకా, వెనక మేళం వస్తుంటే, పిల్లవాడు తనే కారు తోలుకుంటూ రావాలి. ఎట్లన్నా చెయ్యి ఖాజా, ఇంజను పని నీకు తెల్సినట్ల ఇంకెవురికీ తెల్దంటారే అన్నాడు. పొగిడితే నేను కరిగిపోతానని ఆయనకు ఎవరు చెప్పారో.

సరే అన్నాను. ఆయన జీపు మలుపు తిరిగాక గుర్తొచ్చింది, కారంటే ఇంజను ఒక్కటే కాదు. బ్రేకు కూడా నేనే కట్టాలి.

13 మార్చి

రాసుకుంటే కాస్త తేలికవుతుందేమో. రెండేళ్ళ కిందట నేను బ్రేకులు చూసి పంపిన బస్సు గోరంట్ల దగ్గర మలుపులో ఆగలేదు. చేలోకి దిగిపోయింది. ఎవరూ చావలేదు. ఒక ముసలామెకు తుంటి విరిగింది. బ్రేకు పైపు పాతది, ఖాజా హుస్సేన్ తప్పేమీ లేదు అని అందరూ అన్నారు. నేనూ అన్నాను. కానీ అప్పటినుంచి ఇంజన్లు తప్ప ఏదీ ముట్టలేదు. బ్రేకు పని వస్తే పక్క షెడ్డుకు పంపేస్తాను. టైము లేదంటాను.

20 మార్చి

సైలెన్సరు గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కట్టుకున్నాయి. పిస్టను బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి నాలుగు రోజులు నానబెట్టాను. ఇవాళ చెక్కతో మెల్లగా తడితే కదిలింది. సిలిండరు లోపల గీతల్లేవు. దొర మంచి ఆయిలే వాడాడు.

పని చేస్తున్నంతసేపూ భయం ఉండదు. చేతులు కడుక్కునేటప్పుడు వస్తుంది.

2 ఏప్రిల్

స్టార్టయింది! కార్బురేటరు ఏడోసారి విప్పి కట్టాక, నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలో తీగ కొత్తది చుట్టాక, ఇరవై సార్లు హ్యాండిలు తిప్పాక. పక్క టీ కొట్టువాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. నాకు ఏడుపొచ్చింది. పొగ కళ్ళలో పడిందన్నాను.

నడిపి చూద్దామని సీట్లో కూర్చోబోయాను. ఒక తొడ మాత్రం పట్టింది. సీటు మూరెడు. నన్ను లాగడానికి ఇద్దరు కావలసి వచ్చింది. అందరూ నవ్వారు, నేను కూడా.

3 ఏప్రిల్

ఈ కారును పెద్దవాళ్ళెవరూ నడిపి చూడలేరు. నిన్న నవ్వినప్పుడు ఇది తట్టలేదు.

10 ఏప్రిల్

బ్రేకు సంగతి. వెనక ఇరుసు మీద చిన్న డ్రమ్ము. దాని చుట్టూ ఇనప పట్టీ, పట్టీ లోపల తోలు. పెడలు తొక్కితే పట్టీ బిగుసుకుని తోలు డ్రమ్మును పట్టుకోవాలి. పాత తోలు ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. లారీ బ్రేకు లైనింగు పెట్టి చూశాను. మందం ఎక్కువ, ఈ డ్రమ్ము చుట్టూ వంగదు.

తోలుపని ఓబుళేసు దగ్గరికి వెళ్ళాను. బావుల్లో ఎద్దులతో నీళ్ళు తోడే కపిలకు తోలు బానలు కుట్టేది అతనే. కొలత ఇచ్చాను. బాన తోలు మాదిరే ఉండల్ల ఓబుళేసూ, ఏండ్లు గడిచినా పగలకూడదు అన్నాను. నీ పని అంటే నా పని కదన్నా, అట్లే చేస్తా అన్నాడు.

14 ఏప్రిల్

తోలు ఇచ్చాడు. వెన్న మాదిరి మెత్తగా ఉంది. ఇంత మంచి తోలు ఈమధ్య చూడలేదని అతని ముందే అన్నాను. సంబరపడ్డాడు.

రాగి రివెట్లతో పట్టీకి బిగించాను. సీట్లో శెనక్కాయల మూట కట్టి, షెడ్డు ముందున్న వాలులో వదిలి, పెడలుకు కట్టిన తాడు లాగాను. ఆగింది. నాలుగుసార్లు లాగాను, నాలుగుసార్లూ ఆగింది. హాయిగా ఉండాలి కదా. లేదు.

18 ఏప్రిల్

మూడు రోజులకొకసారి కొళాయిలో నీళ్ళు. నా భార్య రసూల్‌బీ అయిదు గంటలకే బిందెలు వరసలో పెట్టి వస్తోంది. నేనేమో ఇక్కడ కారు తుడుస్తూ కూర్చున్నాను. ఆ మాట కూడా అంది.

మా కూతురు మేరాజ్ షెడ్డుకు వచ్చి మళ్ళీ అడిగింది. ఒక్క తూరి తోల్తా నాయనా అని. దానికి ఆరేళ్ళు, సీటు దాని కోసమే చేసినట్టుంది. వద్దన్నాను. ఎందుకని అడిగితే, ప్లగ్గు బాగలేదన్నాను. ప్లగ్గు భేషుగ్గా ఉంది.

ఎందుకు వద్దన్నానో సాయంత్రం దాకా నాకే తెలియలేదు. తెలిశాక సిగ్గేసింది. నా బిడ్డ వద్దనుకున్న సీట్లో వాళ్ళ బిడ్డ కూర్చుంటే పర్వాలేదని నెల రోజులుగా పని చేస్తున్నాను.

25 ఏప్రిల్

ధర్మవరం వెళ్ళి ఆ వీధి చూసొచ్చాను. చూడకపోయినా బాగుండేది. గుడి నుంచి ఇంటిదాకా ఒకటే పల్లం. వీధి పొడుగునా పట్టు పడుగులు చాపి ఆడవాళ్ళు తెగిన పోగులు అతుకుతున్నారు. పడుగుల కింద నుంచి దూరి పిల్లలు ఆడుకుంటున్నారు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి ముప్పై దగ్గర ఆపేశాను. ఆ రోజు ఊరంతా అక్కడే ఉంటుంది.

ఈరన్నను చూశాను. బక్కపిల్లవాడు. నా చెయ్యి పట్టుకుని కారు ఎంత వేగంగా పోతుందని అడిగాడు. మెల్లగానే పోతుందన్నాను. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

28 ఏప్రిల్

మేరాజ్‌ను కూర్చోబెట్టి చూడాలి. వేరే దారి లేదు.

రసూల్‌బీకి చెప్పలేను.

2 మే, ఆదివారం, మధ్యాహ్నం 3 గంటలు, పెద్దాసుపత్రి వరండా

మేరాజ్ నిద్రపోతోంది. ఎడమచేతికి కట్టు వేశారు. మోచేతి కింద ఎముక విరిగింది. నెలన్నరలో కలుస్తుందని డాక్టరు చెప్పాడు. బతికి ఉంది. అది ముందు రాయాలి.

శింగనమల రసూల్‌బీ పుట్టినూరు. అమ్మమ్మను చూసొస్తామని ఆమెకు చెప్పి, కారును లారీలో వేసుకుని, బిడ్డతో పొద్దున్నే వెళ్ళాను. ఆ ఊరి చెరువు రెండేళ్ళుగా ఎండి ఉంది. లోపలి నేల సిమెంటు గచ్చు మాదిరి గట్టిగా ఉంది, గుద్దుకోవడానికి ఏమీ లేదనుకున్నాను. నేను చెయ్యెత్తితే బ్రేకు తొక్కాలి, అంతే, అని నేర్పాను. మేరాజ్ నాకంటే తొందరగా నేర్చుకుంది. మొదటిసారి ఆగింది. రెండోసారి ఆగింది. ఎనిమిదిసార్లు ఆగింది. నా ప్రాణం కుదుటపడింది. ఇక చాలు అనాల్సింది. ఎండ ఎక్కింది. ఇంకొక్క తూరి నాయనా అంది. నేను కూడా చూడాలనుకున్నాను. ముద్దుగా ఉంది, జడలు ఎగురుతున్నాయి.

తొమ్మిదోసారి చెయ్యెత్తాను. తొక్కింది. కాలు నిటారుగా చాచి, సీట్లోంచి కిందికి జారిపోయి మరీ తొక్కింది. కారు ఆగలేదు. ఇంజను ఆపే బొత్తాము సీటు వెనక ఉంది, వెంట నడిచే పెద్దవాళ్ళ కోసం పెట్టింది. నేను వెంట లేను. గట్టు దగ్గర నిలబడి మురిసిపోతున్నాను. పరుగెత్తాను. వేళ్ళు దాదాపు అందాయి. నేల నెర్రెలో కాలు ఇరుక్కుని పడ్డాను. తొక్కతాండా నాయనా, నిల్చల్యా, తొక్కతాండా అని అరుస్తూ పోయింది. కట్ట కింద తుమ్మకంపలో పడి కారు పక్కకు ఒరిగిపోయింది.

రసూల్‌బీ ఆసుపత్రికి వచ్చింది. ఏడవలేదు. మా అమ్మను చూపిస్తానని సెప్పి తీసకపోయినావు అని ఒక్క మాట అని బిడ్డ పక్కన కూర్చుంది.

3 మే

డ్రమ్ము విప్పాను. లోపల తడి. వేలు పెట్టి వాసన చూశాను. ఆముదం.

4 మే

ఓబుళేసు మీద అరవడానికే వెళ్ళాను. అరిచాను కూడా. అతను పాపం బిత్తరపోయాడు. ఆముదం పట్టకుండా బాన తోలు యాడన్నా ఉంటాదా అన్నా అని అడిగాడు. మామూలుగా పూసి వదిల్తే చాలు, నీ పని అని మూడు దినాలు నానేసినా, ఎండకు పగల్దని అన్నాడు.

నీళ్ళు తోడే తోలుకు అది ప్రాణం. బ్రేకు తోలుకు చావు. చల్లగా ఉన్నంతసేపు పట్టుకుంది. మళ్ళీ మళ్ళీ తొక్కేసరికి డ్రమ్ము వేడెక్కింది, తోలు తాగిందంతా కక్కింది. ఓబుళేసుకు కారు తెలియదు. నాకు తెలుసు. బాన తోలు మాదిరి అని చెప్పింది నేను. చేతిలో పట్టుకుని మెత్తగా ఉందని మెచ్చుకున్నది నేను. గోరంట్ల బస్సు పైపు కూడా నేను ముట్టుకుని చూసే ఉంటాను.

తప్పు నాదేనని అతనికి చెప్పి వచ్చాను. బిడ్డకెట్లుంది అని వీధి చివరిదాకా అడుగుతూ వచ్చాడు.

6 మే

ఎర్రిస్వామి జీపులో వచ్చాడు. కారు తొమ్మిదో తేదీకి కాదని నిన్న నేను కబురు పంపాను. మేళం మాట్లాడినాము, ఊరంతా సెప్పుకున్యాము, ఏమప్పా ఇది అని గుమ్మంలోనే మొదలుపెట్టాడు. మేరాజ్ కట్టుచేత్తో బయటికి వచ్చింది. ఆయన ఆగిపోయాడు. ఏమైందని అడిగాడు. దాచకుండా అంతా చెప్పాను, ఆముదం సంగతితో సహా.

మావాని కంటే ముందు నీ బిడ్డను కూకోబెట్టినావా అన్నాడు. నన్ను పెద్దమనిషిని చేసేలా ఉన్నాడని భయమేసింది. ఎవరినీ కూర్చోబెట్టకుండానే మీకు అప్పగిద్దామనుకున్నాను నెల రోజులు, అది కూడా వినండి అన్నాను. అరుగు మీద కూర్చుని మేరాజ్ కట్టు వైపు చూశాడు. లేస్తూ, ఆ పండగ పోతే పోనీ, బ్రేకు మళ్ళీ కట్టు, ఈ తూరి మావాడు కూకుంటాడు, అదే చెరువులో, నేనుంటా అన్నాడు.

వద్దని చెప్పే నోరు నాకు లేదు. ఇంకొకరి బిడ్డ. మళ్ళీ నా చేతి బ్రేకు.

8 మే

రసూల్‌బీ నాతో మాట్లాడడం లేదు. అన్నం పెడుతుంది, మంచినీళ్ళు పెడుతుంది, ఏమన్నా కావాలంటే మేరాజ్‌తో చెప్పిస్తుంది. మేరాజ్‌కు ఇదొక ఆట అయింది. అమ్మ సబ్బు తెమ్మనింది అని అమ్మ పక్కనే నిలబడి చెబుతుంది.

9 మే

ధర్మవరంలో ఇవాళ మేళం మోగలేదు.

13 మే

లారీ లైనింగునే ఆకురాయితో అరగదీశాను. నాలుగు రోజులు. సగం మందానికి వచ్చాక వంగింది. డ్రమ్మును పెట్రోలుతో మూడుసార్లు కడిగాను. ఇంజను ఆపే బొత్తాము ముందుకు, స్టీరింగు పక్కకు మార్చాను. ఆ పని మొదటిరోజే చెయ్యాల్సింది. చక్రం పైకెత్తి, ఇంజను నడుపుతూ, ఎండలో యాభైసార్లు బ్రేకు వేశాను. డ్రమ్ము చెయ్యి కాలేంత వేడెక్కింది. పట్టు వదల్లేదు.

యాభై ఒకటోసారి ఏమవుతుందో అని ఇంకోటి వేశాను. తర్వాత ఇంకోటి. ఎక్కడ ఆపాలో తెలియడం లేదు.

15 మే

రేపే. రసూల్‌బీకి ఈసారి నేనే చెప్పాను, ఎక్కడికి, ఎందుకు, ఎవరి బిడ్డతో అన్నీ. పొద్దున్నే జీపు వచ్చేటప్పటికి నేను తయారుగా ఉండాలని మేరాజ్‌తో చెప్పించింది. తనూ వస్తుందట.

16 మే 1965, ఆదివారం

చెరువులో సున్నంతో గీత గీశాను, కారు అక్కడికి ఆగాలని. ఈరన్న కూర్చున్నాడు, కారు కదిలింది. నేను చెయ్యెత్తబోతుంటే రసూల్‌బీ వెళ్ళి గీతకు అవతల, కారుకు ఎదురుగా నిలబడింది. తప్పుకోమని అరిచాను. ఎర్రిస్వామి అరిచాడు. కదల్లేదు. పిల్లవాడు బ్రేకు తొక్కాడు. ఆమె చీర కుచ్చిళ్ళకు జానెడు ఇవతల ఆగింది.

పద్నాలుగు రోజుల తర్వాత నావైపు చూసి మాట్లాడింది.

ఎండెక్కనీ, ఇంకో తూరి తోలమను అంది. అక్కడే నిలబడి ఉంది.