పిల్లల్లేని జింకల మంద

మంగళవారం, రాత్రి

ఈ సాయంత్రం జింకలు మా మేకల దొడ్డి దాకా వచ్చాయి. ఏటా మా శనగ చేను మేసిపోయే మంద ఇదే. నాయన కర్ర ఎత్తి అరిచినా ఒక్కటీ కదల్లేదు. మా కుక్క కూడా మొరగలేదు. అన్నీ నీళ్ల తొట్టి చుట్టూ నిలబడి మమ్మల్నే చూశాయి.

"నాయనా, అన్నీ పెద్దవే ఉండాయి. పిల్లలు యాడ?" అని అడిగాను.

"వాన లేదు, గడ్డి లేదు. తల్లులకు పాలు యాడనుంచి వస్తాయమ్మా? ఈనినా పిల్లలు బతకవు. ఈ నేల ఎన్నింటిని సాకగలదో అన్నే మిగుల్తాయి."

మంద తగ్గితే చేను దక్కుతుందని పోయినేడు ఊరంతా అనుకున్నాం. ఇప్పుడు తగ్గింది. చేను మాత్రం బీడుగానే ఉంది.

తొట్టిలో ఉన్నవి మేకలకు రేపటి నీళ్లు. బోరు బురద కక్కుతోంది. అయినా నాయన కర్ర దించి, "తాగనీ" అన్నాడు. అవి చప్పుడు లేకుండా అడుగుదాకా తాగేశాయి.

అప్పుడు తల్లి చనిపోయిన మా మేకపిల్ల ఒక ఆడ జింక దగ్గరికి వెళ్లి పొదుగు వెతికింది. జింక బెదరలేదు. వంగి దాని తల నాకింది. మంద కదలగానే మేకపిల్ల కూడా వెంట నడిచింది. పరుగెత్తి ఎత్తుకున్నాను. జింక ఆగి, వెనక్కి తిరిగి, చీకటి పడేదాకా నా చేతుల్లోని పిల్లనే చూస్తూ నిలబడింది.

పిల్లను ఇంట్లోనే కట్టేశాను. పాలు పట్టినా తాగలేదు. ఇంకా పడుకోకుండా తలుపు వైపే చూస్తోంది.