అబ్రకం కలిపిన తెలుపు

గూడూరు,
డిసెంబరు 1961.

చిరంజీవి తమ్ముడు లాల్ అహ్మద్‌కి అక్క ఆమినాబీ సలాం చెప్పి, నిండు నూరేళ్లు బతకాలని దువా చేసి రాయడమేమంటే, ఇక్కడ అల్లా దయవల్ల అందరం క్షేమం. నువ్వూ డాక్టరుగారు చెప్పినట్టు వేళకు పాలూ గుడ్లూ తీసుకుంటూ క్షేమంగా ఉన్నావని తలుస్తాను. ఇక్కడ క్షేమంగా లేనిది నీ అన్న మౌలా బుర్ర ఒక్కటే. కొత్తింటికి గోడలు లేచినప్పటినుంచీ దానికి జబ్బు చేసింది. నువ్వున్న ఆసుపత్రిలో కూడా దానికి మందు ఉన్నట్టు లేదు.

నీ ఉత్తరం అందింది. నిమ్మకాయ ఊరగాయ పంపమన్నావు. పంపను. కారం తగ్గించమన్నారని కిందటి ఉత్తరంలో రాసిందీ నువ్వే, ఇప్పుడు ఊరగాయ అడిగేదీ నువ్వే. నా బడి సంగతి అడిగావు. బడి మామూలే. నేను వ్యాకరణం చెబుతూనే ఉన్నాను, ఆడపిల్లలు కిటికీలోంచి రైళ్లు చూస్తూనే ఉన్నారు. ఇక నీ గదికి ఏ తెలుపు వేయించారని మళ్లీ అడిగావు. అది చివర రాస్తాను. ముందు మిగతా ఇంటి తెలుపు సంగతి విని కాసేపు నవ్వుకో. ఇప్పుడు నవ్వినా దగ్గు రావడం లేదన్నావు కదా.

నీ అన్న అబ్రకం వ్యాపారంలో నాలుగు రాళ్లు వెనకేశాడని నీకు తెలుసు. ఆ రాళ్లు నెత్తికెక్కాయని నీకు తెలియదు. మద్రాసు వెళ్లి ఎవరో ఎగుమతి కంపెనీ దొర హాలు చూసొచ్చాడు. ఆ తెలుపే మన హాలుకూ కావాలట. ఎట్లాంటి తెలుపురా అంటే చెప్పలేడు. "తెలుపులో ఒక తెలుపుంటదక్కా, నీకు తెలవదులే" అన్నాడు. పెళ్లయిన రెండేళ్లకే మొగుణ్ణి పోగొట్టుకుని, అప్పటినుంచీ సుద్దముక్క పట్టుకుని బతుకుతున్నదాన్ని. నాకు తెలుపు తెలియదట!

మద్రాసు నుంచి డబ్బాలు దిగాయి. పాలతెలుపు, ముత్యపు తెలుపు, ఏనుగు దంతం తెలుపు. ఒక్కొక్కటీ హాలు గోడకు చాపంత మేర పూయించాడు. చూడు తమ్ముడూ, నాకున్నవి రెండు కళ్లే, ఆ రెండింటికీ అవన్నీ ఒక్కలాగే కనిపించాయి. మౌలా మాత్రం పొద్దున ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి వాటిముందు నిలబడి తల పక్కకు వాల్చి చూసేవాడు. పెళ్లిచూపులప్పుడు షాజాదీని కూడా అంతసేపు చూడలేదు పాపం.

తనకు తేలక, బజారులో కనిపించినవాణ్ణల్లా పిలుచుకొచ్చాడు. వచ్చినవాళ్లు టీ తాగి, తలొక తెలుపూ చూపించి పోయారు. చివరికి పెద్ద వ్యాపారి చోటే సాహెబ్‌ను బతిమాలి తీసుకొచ్చాడు. ఆయన దగ్గర నిలబడితే నీ అన్న నడుము దానంతటదే వంగుతుంది. ఆ పెద్దమనిషి గోడలు చూసి, "అబ్రకం అమ్ముకునేవాడివి, నీ ఇంటి గోడల్లో అబ్రకం మెరవకపోతే ఎట్టా మౌలా?" అని నవ్వి వెళ్లిపోయాడు. అది ఊరికే అన్న మాటని పసిపిల్లకైనా తెలుస్తుంది. నీ అన్నకు అది ఫర్మానా అయి కూర్చుంది.

డబ్బాలన్నీ మూలపడ్డాయి. గోడౌనులో అబ్రకం గీసేటప్పుడు రాలిన పొడంతా ఇంటికి చేరింది. దాన్ని సున్నంలో కలపమన్నాడు. సున్నం కొట్టే చెంగయ్య సరేనన్నాడు, అతనికేం పోయింది? కలిపినదాంట్లో మెరుపు చాలలేదని మౌలా తనే గుప్పిళ్లతో ఇంకా పోశాడు. అవతల ముసురు పట్టి గోడలు చెమ్మగా ఉన్నాయి, జిగురు చాలలేదు. అయినా పైపైన ఎండగానే మెరిసింది. ఆ రాత్రి నీ అన్న పెట్రోమాక్సు లైటు చేత్తో పట్టుకుని హాలంతా తిరిగాడు. ఇంత మెరుపు నెల్లూరులో కూడా లేదని అతని నమ్మకం.

ఇంట్లో ఫాతెహా చదివించి, ఊళ్లో వ్యాపారులందర్నీ భోజనాలకు పిలిచాడు. జంపఖానాలు పరిచారు. వచ్చినవాళ్లు సుఖంగా గోడలకు ఆనుకుని కూర్చున్నారు. ఎవరు కదిలినా వీపు తళుక్కుమంది. మౌల్వీగారి గడ్డం మెరిసింది. చోటే సాహెబ్ నల్ల షేర్వానీకి భుజాల దగ్గర్నుంచి మడమలదాకా జరీ పట్టింది. పులావు పళ్లేల్లో కూడా మెరుపు రాలింది. నీ అన్న తువ్వాలు పట్టుకుని ఒక్కొక్కరి వీపే తుడుస్తుంటే, తుడిచిన కొద్దీ అది లోపలికి ఇంకింది. తెరవెనక ఆడవాళ్లలో నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

నవ్వు అక్కడితో చాలు. ఇక నీ గది.

నాయన స్థలంలో ఇల్లు కడుతున్నాం కాబట్టి, తూర్పు కిటికీ ఉన్న గది నీదని పునాదినాడే అనుకున్నాం. నువ్వు దాని తెలుపు గురించి అడిగిన ప్రతిసారీ నేను ఏవో కబుర్లు రాసి తప్పించాను. ఎందుకంటే ఆ గదికి ఏ తెలుపూ వేయలేదు. దాన్నిండా నీ అన్న అబ్రకం పెట్టెలు పేర్చాడు. నువ్వు బొంబాయిలో తన వ్యాపారం చూస్తున్నావని ఊరంతా చెప్పుకున్నాడు. నీకు పూర్తిగా నయమైంది, ఇంటికి పంపుతాం, మంచి గాలి తగిలే, దుమ్ములేని గదిలో ఉంచండి అని డాక్టరుగారు రాసిన కాగితం తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. చదివి మడిచి నాకే ఇచ్చాడు.

"నయమైందనే అంటారక్కా. ఆ జబ్బు పేరు బయటికొస్తే మన గడప ఎవురు తొక్కతారు? విడవలూరు తోటలో కొట్టం ఉండాది గదా. వాణ్ణి రాత్రి బండికి దిగమను. అట్నించి అట్టే బండి కట్టిచ్చి పంపిద్దాం. ఊళ్లో ఎవురి కంటా పడబళ్లేదు" అన్నాడు.

"తోటలో దున్నపోతుల్ని కట్టేస్తార్రా మౌలా, తోడబుట్టినోళ్లని కాదు" అన్నాను.

"నువ్వు గమ్మునుండక్కా. నీకేం తెలవదు" అన్నాడు. తెలుపూ తెలియదు, ఇదీ తెలియదు నాకు.

మర్నాడు అతను గోడౌనుకు వెళ్లగానే ముత్తుకూరులో సున్నం కాల్చే హజరత్తయ్యకు కబురుపెట్టి గుల్ల సున్నం తెప్పించాను. పెట్టెలన్నీ వసారాలోకి లాగించాను. గది కడిగించి, సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి, నేనే కుంచె పట్టుకున్నాను. మొగుడు తిడతాడని వణుకుతూనే షాజాదీ బావినుంచి నీళ్లు మోసింది. చెయ్యి రుద్దినా అంటుకోని తెలుపు నీ గదికి వేశాను. మౌలా చూసి పళ్లు నూరాడు. గొడవపడితే నలుగురికీ తెలుస్తుందని భయపడి ఊరుకున్నాడు.

తర్వాతిది నీకు కోపం తెప్పించే సంగతి. రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ఆ భోజనాలనాడు చోటే సాహెబ్, "మీ తమ్ముడు బొంబాయి నించి రాలేదే?" అని అడిగాడు. పని ఒత్తిడని నీ అన్న ఇకిలించాడు. నేను తెర తీసుకుని గుమ్మంలోకి వచ్చాను.

"బొంబాయిలో లేడయ్యా. టీబీ ఆసుపత్రిలో ఉండాడు. నయమైపోయింది. వచ్చేనెల వస్తాడు, ఈ ఇంట్లోనే, తూర్పు గదిలో ఉంటాడు" అన్నాను.

ముద్దలు చేతుల్లోనే ఆగిపోయాయి. ఇద్దరు లేచిపోయారు. చోటే సాహెబ్ జేబురుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. నువ్వేమో ఎక్కడో కొండల దగ్గర ఉన్నావు, ఆయనేమో నిన్ను తలుచుకునే ముక్కు మూసుకున్నాడు! నెత్తిన రాలుతున్న అబ్రకానికి మాత్రం మూసుకోలేదు. అట్లాంటివాళ్ల మెప్పు కోసం నీ అన్న తమ్ముణ్ణి దాచిపెట్టాడు. మౌలా నాతో మాట్లాడటం మానేశాడు. ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంది.

కానీ లాలూ, ఎవరికీ చెప్పొద్దని నువ్వు వెళ్లేటప్పుడు నాచేత ఒట్టు వేయించుకున్నావు. ఆ ఒట్టు నేను తప్పాను. నిన్ను అడగనూ లేదు, ముందుగా చెప్పనూ లేదు. నువ్వు తిట్టు, పడతాను. నీ అన్నకు నేను భయపడలేదు, ఊరికీ భయపడలేదు. ఇది చదివి సిగ్గుపడి నువ్వు రావేమో, ఏ కొట్టంలోనో తలదాచుకుంటావేమోనన్న భయం మాత్రం నన్ను తినేస్తోంది. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

హాలు గోడలు గీకించేదాకా నువ్వు అటు రాబళ్లేదు, నీ గదికి వసారాలోనుంచి దారి ఉంది. తాళంచెవి నా బొడ్లోనే ఉంది.

రాత్రి బండి ఎక్కబాక. పగటి బండికి రా. నేను బడికి సెలవుపెట్టి స్టేషనుకు వస్తాను. జట్కా మాట్లాడను. బజారు మధ్యనుంచి, చోటే సాహెబ్ కొట్టు ముందునుంచి, ఇద్దరం నడిచే ఇంటికి పోదాం. తల వంచుకుని దిగావంటే అదే బండిలో వెనక్కి పంపించేస్తాను.

ఇట్లు,
నిన్ను చూసి ఎవరు ముక్కు మూసుకున్నా ఊరుకోని
మీ అక్క
ఆమినాబీ