బాపు కర్ర వదిలిన సాయంత్రం

సిద్దిపేట, గురువారం

కుక్కల ఆశ్రమం నుంచి రాణిని తెచ్చుకుని ఈరోజుకు తొమ్మిది రోజులు. ఇన్నాళ్లూ అది నా కుట్టుమిషను కిందే ముడుచుకుని ఉంది. బాపు చేతికర్ర చప్పుడు వింటే చాలు, వణికిపోయేది. దాన్ని ఎవరో కర్రతో బాగా కొట్టారని ఆశ్రమంలో అమ్మాయి చెప్పింది. తాటిచెట్టు మీంచి పడ్డప్పటి నుంచి బాపుకేమో కర్ర లేనిదే అడుగు పడదు. ఆదివారం రాణిని తిరిగి అప్పగిద్దామని పొద్దున బాపుతో అన్నాను.

"అది నాకు భయపడతలేదు బిడ్డా, కట్టెకు భయపడుతుంది" అన్నాడు.

సాయంత్రం నేను జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే, బాపు కర్రను వాకిట్లోనే వదిలేసి, గోడ పట్టుకుని లోపలికి వచ్చాడు. నేను లేవబోయాను.

"పడ్తవు బాపూ!"

"నువ్వు లేవకు. అది బెదురుతది" అంటూ మెల్లగా నేల మీద కూర్చున్నాడు. చేతిలో జొన్నరొట్టె ముక్క ఉంది. రాణి వైపు చూడను కూడా లేదు.

చాలాసేపటికి రాణి బయటికి వచ్చింది. ముందు ఆయన మడమ వాసన చూసింది. తర్వాత చేతిలోని రొట్టె తిని, అక్కడే కూర్చుంది.

"ఆదివారం ఏడికీ పోదు ఇది" అన్నాడు బాపు. ఆయన కళ్లు తుడుచుకోవడం చూడనట్టు సూదిలో దారం ఎక్కించాను.

ఇక ఇంట్లో గోడ పట్టుకునే నడుస్తానంటున్నాడు. పడితే ఎలా? గోడ పొడవునా ఇనుప పైపు బిగించమని వెల్డింగు ఆయన్ని అడగాలి.

రాణి ఇప్పుడు బాపు మంచం కింద నిద్రపోతోంది. మొదటిసారి, నాలుగు కాళ్లూ చాపుకుని...