రెండు మూతుల నిక్కరు

వదినకి,

ముందు నాలుగు తిట్లు, ఆ తరవాత బోలెడంత ప్రేమ. ఫోను చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఊఁ, బాగానే ఉన్నాను" అని పెట్టేస్తావు. నీళ్ళ ఆఫీసులో కూర్చుని ఊరందరి ఫిర్యాదుల ఫోన్లూ ఎత్తిన మా అన్నయ్య పెళ్ళానివి, ఈ ఆడపడుచు ఫోను ఒక్కటే బరువైందా నీకు? ఇల్లు ఖాళీ చేసి ఎక్కడో గది తీసుకున్నావన్నారు. ఆ గది ఎక్కడో కూడా చెప్పలేదు. అందుకే నువ్వు పనిచేసే కుట్టుపని కొట్టు అడ్రసుకి రాస్తున్నాను. కొట్టాయన విప్పి చదివితే చదువుకోనీ, ఆయనకీ కాస్త కాలక్షేపం.

నేను మళ్ళీ పరుగు మొదలుపెట్టాను. అన్నయ్య నిద్రలోనే అలా వెళ్ళిపోయాక ఇక ఆ బూట్లు ముట్టనని నీ ముందే అన్నాను. ఈ కళ్ళజోళ్ళ కొట్టు ఉద్యోగం మానేస్తానని కూడా ఏటా అంటున్నాను, మానేశానా? ఇదీ అంతే. "ఊరందరికీ చూపు అమ్మే చెల్లెలు, చూపులేని అన్న, మంచి జత కుదిరింది" అని నవ్వేవాడు గుర్తుందా? పొద్దున్నే లేచి, పక్కన ఎవరూ లేకుండా ఆ వంతెన మీద పరుగెత్తడం ఎంత దరిద్రంగా ఉంటుందో నీకెలా చెప్పను?

చలి బాగా ముదిరింది. పరుగులో ఒళ్ళంతా చెమట పడుతుంది గాని వేళ్ళు మాత్రం కొయ్యబారిపోతాయి. అన్నయ్యతో ఉన్నప్పుడు ఇదే కదా మా పెద్ద తంటా. తనకి దారి తెలియడానికి పట్టుకునే తాడుకి ఒక కొస నా కుడిచేతిలో, ఇంకో కొస తన ఎడమచేతిలో. మందపాటి గ్లౌజు వేసుకుంటే తాడు కదిలేది తెలియదు, వేసుకోకపోతే వేళ్ళున్నాయో లేవో తెలియదు. అప్పుడు నువ్వే నీ పాత స్వెట్టరు కోసి, మా ఇద్దరి చేతులూ ఒకేదాంట్లో పట్టేలా కుట్టిచ్చావు. రెండు మూతులు, ఒకటే కడుపు, లోపల తాడు. వేళ్ళకి వేళ్ళు తగిలి ఒకదాన్నొకటి వెచ్చబెట్టుకునేవి. అన్నయ్య దాన్ని అటూ ఇటూ తడిమి "ఇది గ్లౌజా, పసివాడి నిక్కరా?" అన్నాడు. అప్పట్నుంచీ దాని పేరు నిక్కరే. మేం బూట్ల లేసులు కట్టుకునేలోగా నువ్వు దాన్ని కెటిల్ మూత మీద వెచ్చబెట్టి తెచ్చేదానివి.

మొన్న దాన్నే తొడుక్కుని వెళ్ళాను. రెండో మూతి ఖాళీగా వేలాడుతుంటే ఎవరైనా చూసి నవ్వుతారేమోనని సిగ్గేసింది. వంతెన ఎక్కేసరికి ఎడమచెయ్యి మొద్దుబారింది. దానికి తొడిగింది బజార్లో మంచి ధర పోసి కొన్న కొత్త గ్లౌజు! నిక్కర్లో ఉన్న కుడిచెయ్యి మాత్రం వెచ్చగా ఉంది. ఉన్ని వెచ్చదనం కాదు వదినా. ఉన్ని వెచ్చదనం మెల్లగా వస్తుంది, మన ఒంట్లోంచే వస్తుంది. ఇది పక్కనుంచి వచ్చింది.

ఇంటికొచ్చాక ఆ ఖాళీ మూతిలో చెయ్యి పెట్టి చూశాను. లోపల చెమ్మగా ఉంది, పరుగెత్తి వచ్చిన అరచెయ్యి అప్పుడే తీసినట్టు.

నాకు పిచ్చెక్కిందనుకోకు. ఎక్కినా మొదట చెప్పేది నీకే కదా. నీ చేతులు ఎలా ఉన్నాయి? చలికాలం వస్తే నీకు వేళ్ళు పగిలి సూది పట్టుకోవడం కష్టమయ్యేది. ఒక్క ముక్క జవాబు రాయి.

నీ ఆడపడుచు,
ఉద్యోగం పోయిన డ్రైవరమ్మ

*

వదినా, నా మొండి వదినా,

నువ్వు జవాబు రాయలేదు. కొట్టుకి ఫోను చేస్తే, పనికి వస్తున్నావని, ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పాడాయన. మాట్లాడకు. వినడానికైనా నువ్వుండాలి నాకు.

తాడు లాగుతోంది వదినా.

నేనూ అన్నయ్యా పరుగులో మాట్లాడుకునేవాళ్ళం కాదని నీకు తెలుసు. అన్నీ వేళ్ళతోనే. ఒకసారి నొక్కితే నెమ్మది, రెండుసార్లు నొక్కితే ముందు మెట్టుంది. నొక్కేది ఎప్పుడూ నేనే. అందుకే కదా నన్ను డ్రైవరమ్మ అన్నాడు.

మొన్న మంచులో వంతెన దిగాను. మేం ఎప్పుడూ ఎడమకి తిరిగి ఏటి ఒడ్డున వెళ్ళేవాళ్ళం. ఆ రోజు నిక్కర్లో తాడు కుడికి బిగిసింది. ఖాళీ కొస బిగిసిందని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, కాని చదివి నవ్వకు. కుడికి తిరిగాను. మూతపడ్డ గోదాముల వీధి, అటు మేం ఎన్నడూ వెళ్ళలేదు. కొంతదూరం పోయాక చేతి మీద రెండుసార్లు నొక్కు పడింది. అలవాటు కొద్దీ కాలెత్తాను. కాలి కింద మెట్టు తగిలింది. అప్పుడు తెలిసింది, నేను కళ్ళు మూసుకుని పరుగెత్తుతున్నానని. ఎప్పుడు మూసుకున్నానో తెలియదు. ఎంతసేపటి నుంచో కూడా తెలియదు. తెరిచి చూస్తే మంచు తప్ప ఏమీ లేదు, మూసుకుంటేనే దారి బాగా తెలుస్తోంది.

వంతెన దగ్గర పేపరు కట్టలు విప్పే పెద్దాయన లేడూ, ఆయన నిన్న నన్ను ఆపాడు. "ఏమ్మా, ఇదివరకు నువ్వు ముందుండేదానివి. ఇప్పుడేంటి, ఆయన్ని ముందు ఉరకనిచ్చి నువ్వు వెనకబడుతున్నావు?" అన్నాడు. అన్నయ్య కబురు ఆయనకి తెలియదు కాబోలు. మంచులో ఏ నీడనో చూసి అన్నాడని సర్దిచెప్పుకుందామనుకున్నాను. కాని ఆయన కళ్ళజోడు నేనే ఇచ్చాను వదినా. నంబరు సరిగ్గానే ఉంది.

రోజూ కాస్త ముందుకి తీసుకెళ్తున్నాడు. నిన్న రైలు గేటు దాకా వెళ్ళాం. అక్కడ భయమేసి, నిక్కరు ఊడబెరికి జేబులో కుక్కుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తుకొచ్చాను. పోయినవాళ్ళు ఇష్టమైనవాళ్ళని తోడు తీసుకుపోతారంటారు కదా.

అయినా నిజం చెప్పనా? భయం కంటే, చెయ్యి తీసేశాక వచ్చిన చలే ఎక్కువ బాధపెట్టింది. సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొస్తే నాకోసం దీపం వేసేవాళ్ళు లేరు. నువ్వూ దూరమయ్యావు. నేనేం తప్పు చేశానో చెప్పకుండానే దూరమయ్యావు. అదే నా గుండెలో ముల్లు. తను బతికున్నన్నాళ్ళూ నేను ఎటు తిప్పితే అటు తిరిగాడు, ఒక్కసారి కూడా "ఎక్కడికే?" అని అడగలేదు. రేపు నేనూ అడగను. గేటు దాటుతాను. ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్తాను. తిరిగొస్తే మళ్ళీ రాస్తాను. రాకపోతే నామీద ఉన్న కోపం ఏదైనా అది వదిలెయ్యి.

నీ ఆడపడుచు

*

మా డ్రైవరమ్మకి,

నీ రెండు ఉత్తరాలూ ఇవాళే చదివాను. కొట్టాయన విప్పలేదు పాపం, మొదటిది విప్పనిది నేనే. నీ రాత చూస్తే ఇల్లు గుర్తొస్తుందని పరుపు కింద దోపేశాను. రెండోది వచ్చేసరికి నేను ఆస్పత్రిలో ఉన్నాను. అది ముందే అంది ఉంటే పట్టాల దగ్గరికి కుంటుకుంటూనైనా వచ్చి నీ చెంప పగలగొట్టేదాన్ని.

వేళ్ళు పగిలి సూది నిలవడం లేదని, నువ్వు గేటు దాటడానికి ముందు రాత్రి కుంపటి గదిలో పెట్టుకుని, చలిగాలి రాకుండా సందులన్నీ బిగించి పడుకున్నాను. బొగ్గుల విషగాలి వాసనైనా లేకుండా మనిషిని పడేస్తుందని డాక్టరమ్మ చెప్పేదాకా తెలియదు. తెలివితక్కువ పని, ఒప్పుకుంటున్నాను. నువ్వు నర్సుకి చెప్పావట: "గేటు దాటాక చెయ్యి నన్ను సందుల్లో తిప్పి, ఒక తలుపు ముందు ఆపేసింది. ఎవరిల్లో తెలియదు. వెళ్ళిపోదామంటే కదలనివ్వలేదు. కిటికీలోంచి చూస్తే నేల మీద పడి ఉన్న మా వదిన." అద్దాలు అమ్ముకునేదానివి అద్దం పగలగొట్టి నన్ను బయటపడేశావు.

నామీద కోపమా అని అడిగావు. చెబుతాను, నవ్వుకో. కోపం నీమీద కాదు, ఆ నిక్కరు మీద. ఈ పాడు మోకాలితో నేను మీ వెంట పరుగెత్తలేను. రోజూ దాన్ని వెచ్చబెట్టి, మీ ఇద్దరి చేతులూ నేనే అందులో పెట్టి, మీరు వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని. కుట్టింది నేను. ఒక్కరోజూ నా చెయ్యి అందులో పెట్టలేదు. ఆయన పోయాక నువ్వు దాన్ని నీ సంచిలో సర్దుకుంటుంటే, "అది నాకిచ్చి పోవే" అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. ఆ తరవాత నీ గొంతు వింటే చాలు, అదే గుర్తొచ్చేది.

నిన్ను తోడు తీసుకుపోతాడనుకున్నావా పిచ్చిదానా? మీ అన్న బతికుండగా ఏ వస్తువూ తీసినచోట పెట్టలేదు. పోయాకైనా బుద్ధొచ్చి, నాది నాకు చేర్చడానికి బయల్దేరాడు. దారి తనకి తెలిసినా, మోసుకురావడానికి నీ చెయ్యి కావలసి వచ్చింది.

ఇంకొక్క మాట. ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి నా ఎడమచెయ్యి నిక్కర్లో ఉంది, ఆయన మూతిలో. నువ్వే తొడిగావనుకున్నాను. మొన్న నువ్వు వెళ్తూ వెళ్తూ, "అంత మత్తులోనూ నా చేతిలోంచి లాక్కుని తొడుక్కున్నావే, గట్టిదానివే" అని నవ్వావు. నేను లాక్కోలేదే. నాకు ఒంటిమీద తెలివే లేదు. నీకు భయమేస్తుందని అప్పుడు చెప్పలేదు. నాకైతే భయం వెయ్యలేదు.

ఇవాళ పొద్దున్నే లేచి, కెటిల్ మీద పెట్టకుండా, నిక్కర్లో ఒక చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చల్లగా ఉంది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. గట్టిగానే ఏడ్చాను, పక్కగది ఆమె తలుపు కొట్టేంతగా. తరవాత రెండో చెయ్యి కూడా రెండో మూతిలో పెట్టాను. లోపల నా చేతులే ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. చాలాసేపటికి, నువ్వు రాసినట్టే, మెల్లగా, నా ఒంట్లోంచే వెచ్చదనం వచ్చింది.

రేపు రా. పరుగెత్తలేను గాని వంతెన దాకా నడుస్తాను. నన్ను డ్రైవు చెయ్యడం కాస్త కష్టమే, ఓర్చుకో. వచ్చేటప్పుడు మూరెడు కొత్త తాడు తీసుకురా. పాతది ఇందులో లేదు. కుట్లు విప్పి మరీ వెతికాను. నీ దగ్గరుందేమో అడుగుదామనుకున్నాను గాని, ఉండదని తెలుసు. ఆయన కొస ఆయన వదిలేసినట్టు లేడు. పోనీలే, పట్టుకుని వెళ్ళనీ.

నీ వదిన