కొక్కెంలో గింజలు

మేనేజరు బాబు గారికి,

నాకు అక్షరం ముక్క రాదు. పక్కింటి టైలరు చేత రాయిస్తున్నాను. నేనన్నది అన్నట్టే రాయమన్నాను, మెత్తబరచొద్దన్నాను.

మీ వర్క్‌షాపులో బరువులెత్తే కొక్కెం విరిగిందని నా కోడల్ని పనిలోంచి తీసేశారు. వంగిన కొక్కేన్ని సుత్తితో కొట్టి తిన్నగా చేసింది అదే, కాదనను. కానీ మీరిచ్చిన కాగితంలో "గింజలు సాగి పెళుసెక్కింది" అని ఉందట. ఇనుములో గింజలేమిటయ్యా? బుద్ధెరిగినప్పటి నుంచీ గింజలు చెరుగుతున్నాను. గింజను దంచితే నూకవుతుంది గానీ సాగుతుందా?

కోడల్నే అడిగాను. "బియ్యపు గింజలు కావత్తయ్యా, ఇనుము లోపల కంటికి కనబడనివి. చల్లగా ఉండగా బాదితే సాగి బిగుసుకుపోతాయి, ఇనుము పెళుసవుతుంది. కొలిమిలో కాలిస్తే మళ్ళీ కొత్త గింజలు పుడతాయి" అంది. నాకు తల తిరిగిపోయింది. నాటకుండా పుట్టడమేమిటో, ఏమో!

"ఇంత తెలిసినదానివి, కాల్చకుండా ఎందుకు బాదావే?" అని కేకలేశాను.

"కొలిమి రాజేయబోతే ఆలస్యమవుతుందని సూపర్‌వైజరు గారే వద్దన్నారత్తయ్యా" అంది.

ఆ మాట మీ కాగితంలో ఎక్కడుందో చూడమని టైలరు చేత మళ్ళీ మళ్ళీ చదివించాను. ఎక్కడా లేదు.

గింజల సంగతి నాకిప్పటికీ బుర్రకెక్కలేదు బాబూ. కొలిమి సంగతి ఎక్కింది. నా కోడల్ని పనిలోకి పిలవండి. కంటికి కనబడని గింజల్ని చూసే అద్దం మీ దగ్గరుందట కదా. మరి అందులో సూపర్‌వైజరు గారు కనబడలేదా?

వేలిముద్ర వేసినది,
దాని అత్త