తొమ్మిదో ఉత్తరం వెళ్ళేదాకా లైను ఉంచమని

టెలిఫోన్ ఎక్స్ఛేంజి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంటి పాత టెలిఫోన్ తీగను ఈ నెలాఖరున తొలగించవద్దని వేడుకోలు.

నేను ముప్పైనాలుగేళ్ళు ఉత్తరాలు పంచి పదవీ విరమణ చేసిన పోస్టుమాన్‌ను. తమ నోటీసు అందినది. అందుకు నా మనవి:

1. మా ఇంట్లో ఒక పాత కంప్యూటరు, దానికి తగిలించిన, ఫోను తీగ మీద ఈమెయిళ్ళు పంపే మోడెం ఉన్నవి. రెండూ నా భార్యవి. ఆమె కాలం చేసి పదకొండేళ్ళు. ఆ మోడెం పాత తీగ మీద తప్ప పనిచేయదని, అది నడుస్తుండగా ఎవరైనా ఫోను ఎత్తితే పని ఆగిపోతుందని తమ లైన్‌మానే చూసి చెప్పినాడు.

2. ఎలాగూ లైను పోతున్నది గదా అని, కంప్యూటరును పాత సామాన్లవాడికి ఇచ్చేముందు ఒక్కసారి వెలిగించితిని. మోడెం తనంతట తానే నంబరు తిప్పి, కీచుమని కూసి, లైను అందుకున్నది. నేను మీట ఏదీ నొక్కలేదు. మర్నాడు మరదలు ఫోను చేసింది. "బావా, అక్క దగ్గర్నుంచి ఈమెయిల్ వచ్చింది. కుట్టుమిషను తీసుకెళ్ళమంటోంది. ఎవరు పంపారు?" అంది.

3. విచారించగా తేలినది ఏమనగా, ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు సాయంత్రం ఆమె తొమ్మిది ఉత్తరాలు రాసి పంపుచుండగా లైను తెగినది. అవి లోపలే ఉండిపోయినవి. అన్నిటికీ ఫోటోలు జతచేసింది కనుక ఒక్కొక్కటీ నత్తనడకన పోతున్నది. ఆరు వెళ్ళినవి. ఏడవది మూడు రోజులుగా సగంలో ఆగుచున్నది.

4. తొమ్మిదవది నా పేర ఉన్నది. నాకూ ఒక ఈమెయిల్ చిరునామా ఆమే చేసిపెట్టింది. దానికి ఇంతవరకు ఒక్క ఉత్తరమూ రాలేదు.

5. "నీ పేరే కదా ఉంది, విప్పి చదివేసుకో బావా" అని మరదలు అంటోంది. తామూ అనవచ్చును. బట్వాడా కాని ఉత్తరం నేను ఏనాడూ విప్పలేదు. ఒకసారి నాకే వచ్చిన కవరు పొద్దున్నే సంచిలో కనబడితే, మా వీధి వంతు వచ్చేదాకా ఆగి, గడపలో ఆమె చేతికిచ్చి, ఆమె దగ్గర పుచ్చుకున్నాను. ఆమె చాలాకాలం నవ్వింది.

6. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు. మోడెం కూసినప్పుడల్లా పక్కగదిలోంచి, "లైన్లో ఉన్నా, ఫోను ఎత్తకండి" అని వినబడుతోంది. వెళ్ళి చూస్తే ఎవరూ ఉండరు. భయంగానే ఉన్నది. నెలాఖరు తర్వాత అదీ వినబడదంటే ఇంకా భయంగా ఉన్నది.

కావున సదరు తొమ్మిదవ ఉత్తరం నాకు బట్వాడా అగు వరకు తీగ కోయించకుండా ఆపవలసిందిగా కోరుతూ, ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
పోస్టుమాన్ (విశ్రాంత)

తా.క. మూడో అంశంలో లైను తెగినదని రాశాను. పదకొండేళ్ళ కిందట మీ ఆఫీసుకు ఫిర్యాదు కూడా అలాగే ఇచ్చాను, వచ్చిన లైన్‌మాన్‌ను నానా మాటలూ అన్నాను. లైను తెగలేదండీ. ఆమె వద్దంటూనే ఉంది, నేను ఫోను ఎత్తాను. ఆట స్కోరు ఎంతయిందో స్నేహితుణ్ణి అడుగుదామని. "పోన్లెండి, రేపొచ్చి పంపుతాలే" అంది.

ఇప్పుడు రిసీవరును గుడ్డతో చుట్టి తాడుతో కట్టేశాను. ఈసారి నేను ఎత్తను. మీరూ కోయకండి.