యాదమ్మక్క పొడులకు తెల్ల ప్యాకెట్

ఫిబ్రవరి 3, మంగళవారం

యాదమ్మక్క ఈసారీ సంతకం పెట్టలేదు. ఇది మూడోసారి. ఉప్పల్ నుంచి నాచారం దాకా షేర్ ఆటోలో నలిగిపోతూ వెళ్తే — "అద్దాలు ఇంట్ల మర్శిన బిడ్డా, ఇంకోరోజు పెడ్త." ఇల్లెక్కడో దూరంగా ఉందా అంటే, అదీ లేదు. పొడులు పట్టే షెడ్డు పైనే. పది మెట్లు.

నాలుగేళ్ల గ్రాఫిక్ డిజైన్ డిగ్రీలో చేసినవన్నీ గాలి ప్రాజెక్టులే. లేని కాఫీ షాపుకు లోగో. జరగని పండుగకు పోస్టర్. ఎవరూ ఎక్కని స్టేషనుకు బోర్డులు. ఆఖరిది మాత్రం నిజం మనిషికి చేయాలట; నాకు దొరికింది పొడులు అమ్మే యాదమ్మక్క. ఆ మనిషి ఒప్పుకున్నట్టు సంతకం ఉంటేనే చివరి జ్యూరీ, అంటే మార్కులేసే సార్ల ముందు పెట్టడం. లేకపోతే డిగ్రీ గోవిందా.

ఫిబ్రవరి 5, గురువారం

తొలి జ్యూరీ అయింది. తెల్ల ప్యాకెట్‌కు ఓకే! మూడు పొడులకూ ఒకటే తెల్ల సంచి, మధ్యలో సన్నటి నల్ల అక్షరాలతో పేరు — పల్లి పొడి, కరివేపాకు పొడి, ఎల్లిపాయ కారం. అంతే. "ఇప్పుడు నీకు ఖాళీ విలువ తెలిసింది" అన్నారు గైడ్ సార్. నాలుగేళ్లలో ఆయన నోటి నుంచి మొదటి మంచి మాట.

ఇంట్లో గోడకు అంటిస్తే అమ్మ చూసి — "ఇంకేమన్న ఏసేది ఉన్నదా?"

ఫిబ్రవరి 7, శనివారం

యాదమ్మక్కకు చూపించాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఏందే ఇది... ఉప్పు ప్యాకెట్ లెక్కున్నది."

ఆమెకు పాతదే కావాలి. ఒక్కో పొడికి ఒక్కో రంగు — ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. మీద మిరపకాయలు, మధ్యలో తన ఫొటో. "జర రంగులెయ్యి బిడ్డా. రంగులు లేకుంటె ఎట్ల?"

గంటసేపు చెప్పాను. షాపులో వంద రంగుల మధ్య తెల్లదే కంటికి ఆనుతుందని, సైనిక్‌పురి లాంటి డబ్బున్న కాలనీల వాళ్లు ఇలాంటివే కొంటారని. గోడకు చెప్పుకున్నట్టే. ఆమె చూపంతా ప్యాకెట్లు నింపే లచ్చమ్మ మీద. లచ్చమ్మ తల ఎత్తలేదు.

చివరికి — "సరే తియ్. సదువుకున్నదానివి."

గెలిచాను.

ఫిబ్రవరి 10, మంగళవారం

ఫోన్‌లో ఆరు ప్రశ్నలు టైప్ చేసి పంపాను. జవాబుగా వాయిస్ మెసేజ్ — "ఏమో పంపినవ్ బిడ్డా, జర ఫోన్ జేసి చెప్పు." ఎప్పుడూ ఇంతే. టైప్ చేసినదంతా మళ్లీ నోటితో అప్పజెప్పాలి. నాలుగు లైన్లు చదవడానికి ఇంత బద్ధకమా! ఒళ్లు మండుతోంది.

ఫిబ్రవరి 14, శనివారం

ఉప్పల్ ప్రెస్ నుంచి ప్యాకెట్లు వచ్చేశాయి. అబ్బ, ఎంత బాగున్నాయో! పొద్దున్నే లచ్చమ్మ నింపడం మొదలుపెట్టింది. మధ్యాహ్నానికి మల్కాజిగిరికి, సైనిక్‌పురికి సరుకు వెళ్లిపోయింది. నేను ఫొటోలు తీసుకుని వచ్చేశాను. సంతకం? — "వచ్చే వారం."

ఫిబ్రవరి 17, మంగళవారం

సైనిక్‌పురి నుంచి ఎవరో పెద్దాయన యాదమ్మక్కకు ఫోన్ చేసి తిట్టారట. పల్లి పొడి అనుకుని ఇడ్లీ మీద రెండు చెంచాలు వేసుకున్నారు. లోపల ఎల్లిపాయ కారం. మల్కాజిగిరి షాపు సరుకంతా వెనక్కి పంపింది. సగం ప్యాకెట్లలో పేరొకటి, పొడొకటి.

లచ్చమ్మ మీద ఎంత కోపం వచ్చిందో. పేరు అంత స్పష్టంగా ఉంటే!

ఫిబ్రవరి 18, బుధవారం

రాయాలని లేదు. అయినా రాయాలి.

షెడ్డులో తెల్ల ప్యాకెట్ల గుట్ట. లచ్చమ్మ ఒక్కొక్కటీ విప్పి వాసన చూసి వేరు చేస్తోంది. నేను నోరు తెరవబోతుంటే యాదమ్మక్క చేయి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"దానికి సదువు రాదు. రంగు సూసి నింపుతది. పదేండ్ల సంది ఒక్కటి తప్పు వోలేదు."

"ముందే చెప్పొచ్చు కదా అక్కా!"

"దాని ముందట ఎట్ల జెప్పాలె?" షెడ్డు తలుపు దగ్గరికి వేసింది. "నాకు గూడ రాదు బిడ్డా. అద్దాలు మర్శిన అంటి గదా... నాకు అద్దాలే లేవు."

బద్ధకం అని రాశాను. ఈ పుస్తకంలోనే. వెనక్కి తిప్పి చూసుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తోంది.

మూడు శనివారాలు పరిశోధన అంటూ షెడ్డులో కూర్చున్నాను. కొనే మనిషిని ఊహించి పేరు కూడా పెట్టాను — ముప్పై రెండేళ్లు, యోగా చేస్తుంది, మొక్కలంటే ఇష్టం. ప్యాకెట్ నింపే మనిషిని మాత్రం ఒక్క మాట అడగలేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

లచ్చమ్మను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త ప్యాకెట్లకు రంగులు వేశాను. ఒక్కటీ ఓ పట్టాన ఒప్పుకోదు! "గిది కుంకుమ ఎరుపు. మిర్పకాయ ఎరుపు గావాలె." పదకొండోసారికి — "ఆఁ, గిదే." నిజంగా అదే.

సార్‌కు చూపిస్తే ముఖం చిట్లించారు. "సంతలో సరుకులా ఉంది. జ్యూరీ ఓకే చేసింది తెల్లది. ఇప్పుడు మారిస్తే వచ్చే సెమిస్టర్‌లో మళ్లీ మొదటి నుంచి."

"కానీ సార్, అది అక్కడ పనికిరాలేదు..."

"అక్కడ ఏది వాడుకుంటారో వాళ్లిష్టం. జ్యూరీకి తెల్లది పెట్టు. క్లయింట్ సంతకం తీసుకో. అంతే."

అంతేనట.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇంకో ఆరు నెలలు ఫీజు కట్టాలంటే నాన్న ముఖం ఎలా చూడాలి? తెల్లది పెట్టేస్తే ఎవరికి నష్టం? పొద్దుటి నుంచీ ఇదే గొడవ. అమ్మ మీద ఊరికే అరిచాను.

ఫిబ్రవరి 23, సోమవారం

రేపు పదింటికి చివరి జ్యూరీ.

ఈసారి అద్దాల మాట రాలేదు. "సదివి వినిపియ్" అంది యాదమ్మక్క. చదివాను. "ఈ కింది డిజైన్‌ను స్వయంగా చూసి, చదివి, ఆమోదిస్తున్నాను." 'చదివి' దగ్గర తలెత్తి ఆమెను చూశాను. "కానియ్" అంది.

బ్యాంకు కోసం నేర్చుకున్న సంతకమట. ఒక్కో అక్షరం నొక్కి నొక్కి, కాగితం వెనక గుర్తులు పడేలా పెట్టింది. ఏ డిజైన్ అనే చోట గీత ఖాళీగానే ఉంది. రెండు ప్యాకెట్లూ నా సంచిలోనే ఉన్నాయి. బయటికి తీయలేదు.

"ఏ డిజైనో అడగవా అక్కా?"

"నువ్వు సదివినవ్ గదా. సాలు."

ఇప్పుడు బల్ల మీద ఎడమ పక్క తెల్లవి, కుడి పక్క రంగులవి. మధ్యలో ఆ కాగితం. ఆ గీత మీద ఏ ప్యాకెట్టో నాలుగు మాటలు రాయాలి. ఇంతసేపూ అది వదిలి ఈ పుస్తకంలో రాస్తున్నాను.